అచ్చులో చెరిగిపోయిన చుక్కలు

లెక్కల్లోంచి లేచిన బొమ్మలు: 7వ భాగం

అది 1979–80 విద్యా సంవత్సరం. హార్వర్డ్ విశ్వవిద్యాలయం సైన్స్ సెంటర్‌కి కొత్తగా ఒక వ్యాక్స్ కంప్యూటర్ వచ్చింది. ఎంత కొత్తదంటే దాని నడక ఇంకా ఎవరికీ అలవాటు కాలేదు. దానికి తగిలించిన టెక్‌ట్రానిక్స్ తెర మాత్రం వాడి వాడి వెలిసిపోయింది. బొమ్మ కనబడీ కనబడనట్టు ఉండేది. కాగితం మీదికి దింపే వర్సాటెక్ ప్రింటరుకి సర్దుబాటు సరిగా లేదు. ఆ ఏడాదికి అతిథి ఆచార్యుడిగా వచ్చిన బెన్వా మాండెల్‌బ్రాట్, అతనికి ప్రోగ్రాములు రాసిపెడుతున్న పీటర్ మోల్డేవ్, ఈ మూడింటినీ పెట్టుకుని ఒక చిన్న సూత్రాన్ని బొమ్మగా వేసి చూస్తున్నారు.

కాగితం మీద నల్లటి ఆకారం ఒకటి తేలింది. బొద్దుగా గుండెకాయలాంటి ఒళ్లు, దాని ఎడమ పక్కన అతుక్కుని ఒక గుండ్రని తల, ఒంటి చుట్టూ మొటిమల్లా చిన్న చిన్న బుడిపెలు. అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ ఆకారానికి దూరంగా, తెల్లటి కాగితం మీద, అక్కడక్కడా మసి చుక్కలు పడ్డాయి. ప్రింటరు సంగతి తెలిసిందే కాబట్టి మరకలే అనుకోవచ్చు. ఎవరైనా అలాగే అనుకుంటారు.

మాండెల్‌బ్రాట్ అలా అనుకుని వదిలేయలేదు. అతని అసలు ఉద్యోగం న్యూయార్క్ దగ్గర యార్క్‌టౌన్ హైట్స్‌లో, ఐబీఎం పరిశోధన కేంద్రంలో. అక్కడి మెరుగైన యంత్రం మీద అదే బొమ్మను మళ్లీ వేయించాడు. యంత్రం మంచిదైతే మరకలు పోవాలి. కొన్ని పోయాయి. కొన్ని పోకపోగా ఇంకా స్పష్టంగా తేలాయి. అందులో ఒక చుక్కను పట్టుకుని పెద్దది చేసి చూస్తే అదే ఒళ్లు, అదే తల, అవే బుడిపెలు. ఈ ఆకారాన్ని ఐబీఎంలో అతను మొదటిసారి స్పష్టంగా చూసిన రోజుగా 1980 మార్చి 1వ తేదీని ఇప్పుడు చెప్పుకుంటున్నారు.

ఆ ఏడాదే న్యూయార్క్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ వారి సంచికలో ఈ పని మీద వ్యాసం వచ్చింది. అచ్చుకు సిద్ధం చేసినవాళ్లు బొమ్మను శ్రద్ధగా చూసి, చుట్టూ ఉన్న చుక్కలు మసి మరకలనుకుని చెరిపేశారట. మాండెల్‌బ్రాట్ ఈ సంగతిని తర్వాత చాలాసార్లు చెప్పుకున్నాడు. నిజాయితీగా పనిచేసే చేయి బొమ్మలో ఉన్న అసలు విషయాన్నే తుడిచేసింది. ఈ భాగమంతా ఆ చుక్కల కథే.

*

కిందటి భాగంలో సముద్ర తీరం పొడవు కొలవబోయి కొలతబద్ద చిన్నదయ్యే కొద్దీ పొడవు పెరుగుతూ పోవడం చూశాం. అలాంటి ఆకారాలకు 1975లో మాండెల్‌బ్రాట్ ‘ఫ్రాక్టల్’ అనే మాటను పుట్టించడం దగ్గర ఆగాం. ఇప్పుడు ఒక్కసారి వెనక్కి, మొదటి ప్రపంచ యుద్ధంలోకి వెళ్లాలి. ఈ బొమ్మకు విత్తనం అక్కడ పడింది.

గాస్తోన్ జూలియా అల్జీరియాలో పుట్టిన ఫ్రెంచివాడు. 1915 జనవరి 25న, ఇంకా 22 ఏళ్లు నిండకుండానే, యుద్ధరంగంలో ముఖానికి తూటా దెబ్బ తగిలి ముక్కు పోయింది. మళ్లీ మళ్లీ ఆపరేషన్లు చేశారు. ఏదీ నిలవలేదు. మిగిలిన జీవితమంతా ముఖానికి అడ్డంగా తోలు పట్టీ కట్టుకునే తిరిగాడు. ఆ ఆపరేషన్ల మధ్య ఆసుపత్రి మంచం మీద అతను చేసింది గణితం. పారిస్ సైన్స్ అకాడమీ పెద్ద బహుమతికి ఒక సమస్య ప్రకటించింది. ఒక సూత్రంలో ఒక సంఖ్యను వేసి, వచ్చిన జవాబును మళ్లీ అదే సూత్రంలో వేసి, అలా ఎడతెగకుండా తిప్పుతూ పోతే ఏమవుతుంది అన్నది దాని సారం. 1918లో జూలియా 199 పేజీల వ్యాసంతో ఆ బహుమతి గెలిచాడు. అదే కాలంలో పారిస్ అబ్జర్వేటరీలో పనిచేసే పియేర్ ఫాతూ, పోటీతో సంబంధం లేకుండా తన దారిన తాను దాదాపు అవే ఫలితాలకు చేరుకున్నాడు.

‘జూలియా సెట్’ అనగానే ఈనాడు మన కళ్ల ముందు మెదిలే బొమ్మ ఏదీ ఆ 199 పేజీల్లో లేదు. ఉండే వీలూ లేదు. ఒక్క బొమ్మకు లక్షల లెక్కలు కావాలి. అవి చేతితో అయ్యేవి కావు. 1925లో బెర్లిన్‌లో హ్యూబర్ట్ క్రెమెర్ కష్టపడి ఒక జూలియా సెట్‌ను స్థూలంగా గీసి చూపించాడు. అంతకంటే ముందుకు పోవడానికి ఎవరి దగ్గరా పనిముట్టు లేదు. చూడటానికి ఏమీ లేని విద్య క్రమంగా మరుగునపడింది. జూలియా 1978 మార్చిలో చనిపోయాడు. తన సెట్‌లు అచ్చమైన రూపంతో తెర మీద వెలగడానికి అప్పటికి ఇక రెండేళ్లే ఉంది. ఆ రెండేళ్ల సంగతి తలుచుకుంటే నాకు ఎప్పుడూ మనసు చివుక్కుమంటుంది.

మాండెల్‌బ్రాట్ వార్సాలో 1924లో పుట్టిన యూదు కుర్రాడు. 1936లో కుటుంబం పారిస్ చేరింది. నాజీల కాలమంతా దక్షిణ ఫ్రాన్స్‌లో దాక్కుంటూ చదువుకున్నాడు. 1944లో లియోన్‌లో చదివేటప్పుడు తనలో ఒక గుణం కనిపెట్టాడు. మాస్టారు బోర్డు మీద బీజగణితం లెక్క రాస్తే, మిగతా పిల్లలు చిహ్నాలతో కుస్తీ పడుతుంటే, అతనికి ఆ సమీకరణం ఒక ఆకారంగా కనబడేది. ఆ ఆకారాన్ని తిప్పి, సాగదీసి, సౌష్ఠవం పట్టుకుని జవాబు చెప్పేసేవాడు. బాబాయి షోలెం మాండెల్‌బ్రోయ్ పారిస్‌లో పేరున్న గణిత ఆచార్యుడు. బూర్బకీ అన్న ఉమ్మడి పేరుతో పుస్తకాలు రాసిన ఫ్రెంచి గణితజ్ఞుల తొలి బృందంలో ఒకడు. వాళ్ల దృష్టిలో గణితమంటే తర్కం. బొమ్మ మోసం చేస్తుంది కాబట్టి పుస్తకంలో బొమ్మకు చోటు లేదు. ఆ బాబాయే 1945లో అబ్బాయి చేతికి జూలియా వ్యాసం ఇచ్చి చదవమన్నాడు. అబ్బాయికి అది రుచించలేదు. పక్కన పెట్టేశాడు. 1958లో ఐబీఎంలో చేరిన తర్వాత, చేతికింద కంప్యూటర్లు వచ్చిన తర్వాత, 1970ల చివర్లో మళ్లీ దాన్ని తీశాడు. బాబాయి ఇచ్చిన కాగితాలకు మూడు దశాబ్దాల తర్వాత కళ్లు వచ్చాయి.

*

ఇంతకీ ఆ సూత్రం ఏమిటి? పదో తరగతి చదివినవారు కూడా పట్టుకోగలిగేదే.

ఒక సంఖ్యను ఎంచుకోండి. సున్నాతో మొదలుపెట్టండి. చేతిలో ఉన్నదాన్ని వర్గం చేసి ఎంచుకున్న సంఖ్యను కలపండి. వచ్చినదాన్ని మళ్లీ వర్గం చేసి మళ్లీ అదే సంఖ్యను కలపండి. అంతే. 1 ఎంచుకుంటే 1, 2, 5, 26, 677... చెయ్యి దాటిపోతుంది. −1 ఎంచుకుంటే −1, 0, −1, 0 అంటూ ఊయలలా ఊగుతూ ఉండిపోతుంది. సున్నా నుంచి దూరం 2 దాటిందంటే ఇక తిరిగి రాదని తేలికగా రుజువు చేయవచ్చు. ఎప్పటికీ దాటనివి ఇంట్లో ఉన్నట్టు. దాటినవి ఊరు విడిచిపోయినట్టు.

ఇప్పుడు సంకీర్ణ సంఖ్యలు తీసుకుందాం. ఒక్కో సంకీర్ణ సంఖ్య కాగితం మీద ఒక్కో చుక్క. తూర్పు పడమరలకు ఒక అంకె, ఉత్తర దక్షిణాలకు ఒక అంకె. కాగితం మీది ప్రతి చుక్కనూ ఈ పరీక్షకు పెట్టి, ఇంట్లో ఉండిపోయినవాటికి నలుపు వేయండి. పోయినవాటికి, ఎన్నో అడుగులో గడప దాటాయో లెక్కబెట్టి ఆ అంకెను బట్టి రంగు వేయండి. మాండెల్‌బ్రాట్ సెట్ బొమ్మ అంటే ఇంతే. జూలియా సెట్ ఇదే లెక్క కొంచెం మార్చి చేసినది. అక్కడ కలిపే సంఖ్యను కదలకుండా ఉంచి మొదలుపెట్టే చుక్కను మారుస్తారు. కలిపే సంఖ్య ఒక్కొక్కదానికీ ఒక్కో జూలియా సెట్ ఉంటుంది. ఆ సంఖ్య మాండెల్‌బ్రాట్ సెట్ లోపలిదైతే దాని జూలియా సెట్ ఒకే ముక్కగా ఉంటుంది. బయటిదైతే ధూళిగా చెదిరిపోతుంది. అంటే జూలియా సెట్‌లన్నింటికీ ఇది విషయసూచిక లాంటిది.

సరిహద్దు దగ్గర ఏం జరుగుతుందో ఒక్కచోట వంగి చూద్దాం. నల్లటి ఒంటికి కుడివైపు నొక్కు సరిగ్గా 0.25 దగ్గర ఉంటుంది. 0.25 ఎంచుకుంటే జవాబులు మెల్లగా 0.5 వైపు పాకుతాయి, ఎప్పటికీ దాన్ని దాటవు. 0.26 ఎంచుకోండి. 0.26, 0.3276, 0.3673, 0.3949, 0.4160... ఇదీ 0.5 దగ్గర ఆగుతుందనే అనిపిస్తుంది. ఆగదు. ఇరుకు సందులోంచి జారినట్టు దాటి, 30వ అడుగులో 2 దాటేస్తుంది. 0.251 అయితే 97 అడుగులు పడుతుంది. 0.2501 అయితే 312. ఇక్కడే బొమ్మ వేసేవారికి మొదటి పాఠం ఉంది. యంత్రాన్ని అనంతంగా తిప్పలేం కాబట్టి ఎక్కడో ఒకచోట ‘ఇక చాలు’ అని హద్దు పెట్టాలి. ఆ హద్దు 150 అనుకుంటే, 312వ అడుగులో పోవలసిన 0.2501ని యంత్రం ఇంట్లోనే ఉందనుకుని నలుపు పులిమేస్తుంది. బొమ్మ ముద్దకడుతుంది. హద్దు పెంచితే నలుపు కరిగి అందులోంచి కొత్త నగిషీ బయటికొస్తుంది, దానితోపాటు కరెంటు ఖర్చూ పెరుగుతుంది.

*

ఈ ఆకారానికి మాండెల్‌బ్రాట్ పేరు ఉండటం న్యాయమేనా అన్న తగాదా మొదటి నుంచీ ఉంది. రాబర్ట్ బ్రూక్స్, పీటర్ మాటెల్‌స్కీ అనే ఇద్దరు గణితజ్ఞులు 1978లోనే వేరే సమస్య మీద పనిచేస్తూ ఇదే ఆకారాన్ని కంప్యూటర్ చేత అచ్చు వేయించారు. వాళ్ల బొమ్మ మొత్తం నక్షత్రపు గుర్తులతో, టైపు కొట్టినట్టు ఉంటుంది. వాళ్ల వ్యాసం అచ్చయింది 1981లో. చూసినవాళ్లలో ముందువారు వాళ్లేనని ఒప్పుకోవాలి. కానీ నక్షత్రపు గుర్తుల మధ్య చుక్కలు కనబడవు. చుక్కలను అనుమానించి, యంత్రం మార్చి, పెద్దవి చేసి, రోజుల తరబడి వాటి వెంటపడినవాడు మాండెల్‌బ్రాట్. ఆ పేరు నిలవడం నా దృష్టిలో తప్పు కాదు. పేరు పెట్టింది కూడా అతను కాదు, ఫ్రాన్స్‌కి చెందిన ఆద్రియన్ దువాదీ, అమెరికాకు చెందిన జాన్ హబ్బర్డ్.

చుక్కల ముడి విప్పింది కూడా ఆ ఇద్దరే. మాండెల్‌బ్రాట్‌కు మొదట్లో అవి విడివిడి దీవులనే అనిపించింది. తర్వాత మనసు మార్చుకున్నాడు. 1982లో దువాదీ, హబ్బర్డ్ రుజువు చేశారు: సెట్ మొత్తం ఒకటే ముక్క. ప్రతి చుక్కా పెద్ద ఒంటికి సన్నటి తీగతో ముడిపడే ఉంది. ఆ తీగలు ఎంత సన్నవంటే ఏ ప్రింటరూ పట్టుకోలేదు. ఆ తీగల పొడవునా మళ్లీ చుక్కలు, వాటికి మళ్లీ తీగలు. చుక్కలు చెరిపినవాళ్లకు ఒక సంజాయిషీ దొరికినట్టే, అసలు తీగలే కనబడనప్పుడు చుక్కలు వేలాడుతున్నాయని ఎవరు నమ్ముతారు? మన వాకిట్లో ముగ్గు వేసేవారు ముందు చుక్కలు పెట్టి తర్వాత గీతతో కలుపుతారు. ఇక్కడ చుక్కలు ముందు కనబడ్డాయి. గీత ఉందని రుజువు చేయడానికి ఇద్దరు పెద్ద గణితజ్ఞులు కావలసి వచ్చారు.

*

ఈలోగా ఫ్రాక్టల్ మరో దారిలో సినిమా తెర ఎక్కింది. లోరెన్ కార్పెంటర్ సియాటిల్‌లో బోయింగ్ కంపెనీలో కంప్యూటర్ బొమ్మలు వేసేవాడు. అతను వేసే విమానాల వెనక కొండలు కావాలి. కొండను ఎలా వేయాలో ఎవరికీ తెలియదు. మాండెల్‌బ్రాట్ 1977 నాటి ఇంగ్లీషు పుస్తకం చదివాక దారి దొరికింది. ఒక పెద్ద త్రిభుజం తీసుకో. ప్రతి భుజం నడిమి బిందువునూ పాచికలు వేసినట్టు కొంచెం పైకో కిందికో జరుపు. ఆ బిందువులు కలిపితే నాలుగు చిన్న త్రిభుజాలు. ఒక్కొక్కదానికీ మళ్లీ అదే, కాని ఈసారి కుదుపు తగ్గించు. పది పన్నెండుసార్లు తిప్పేసరికి గరుకు రాళ్లతో, లోయలతో శిఖరం లేచి నిలబడుతుంది. 1980లో సియాటిల్‌లోనే జరిగిన కంప్యూటర్ గ్రాఫిక్స్ సభ సిగ్‌గ్రాఫ్‌లో ‘వోల్ లీబ్ర్’ అనే రెండు నిమిషాల చిత్రంలో ఆ కొండల మీదుగా అతను ఎగిరి చూపించాడు. ఒక్కో ఫ్రేముకు 20 నుంచి 40 నిమిషాల యంత్రకాలం పట్టింది. లూకాస్‌ఫిల్మ్ అతన్ని పనిలోకి తీసుకుంది. 1982లో ‘స్టార్ ట్రెక్ 2’ సినిమాలో ఒక చచ్చిన గ్రహం మీద నిప్పు పాకి, ఆ వెనకే కొండలూ పచ్చదనమూ మొలిచే దృశ్యంలో ఆ కొండలు అతనివే.

మాండెల్‌బ్రాట్ సెట్‌కు రంగులు వచ్చింది జర్మనీలోని బ్రెమెన్‌లో. హైన్జ్-ఒట్టో పైట్‌గెన్ గణితజ్ఞుడు, పీటర్ రిక్టర్ భౌతికశాస్త్రజ్ఞుడు. వాళ్ల ప్రయోగశాల బొమ్మలు 1984లో అదే ఊళ్లో ఒక బ్యాంకు హాలులో గోడకెక్కాయి. డబ్బు వేయడానికి, తీయడానికి వచ్చినవాళ్లు ఆగి చూశారు. తర్వాత గోథే ఇన్‌స్టిట్యూట్ ఆ ప్రదర్శనను దేశదేశాలు తిప్పింది. 1985 ఆగస్టు ‘సైంటిఫిక్ అమెరికన్’ ముఖచిత్రం వాళ్లదే. లోపల ఎ. కె. డ్యూడ్‌నీ తన శీర్షికలో ఇంటి కంప్యూటరు మీద ఈ బొమ్మను ఎలా వేసుకోవచ్చో వివరంగా చెప్పాడు. 1986లో ‘ద బ్యూటీ ఆఫ్ ఫ్రాక్టల్స్’ పుస్తకం వచ్చింది.

గణితజ్ఞులందరూ సంబరపడలేదు. రంగుల బొమ్మల వల్ల ఏ సిద్ధాంతం రుజువైందని స్టీవెన్ క్రాంట్జ్ 1989లో ఘాటుగానే అడిగాడు. మాండెల్‌బ్రాట్ కూడా అంతే ఘాటుగా జవాబిచ్చాడు. ఆ ప్రశ్నకు నాకు నచ్చిన జవాబు వేరేచోట ఉంది, చివర్లో చెబుతాను.

*

డ్యూడ్‌నీ శీర్షిక చదివి ప్రోగ్రాము రాసుకున్నవాళ్లకు వెంటనే ఎదురైంది నత్తనడక. అప్పటి ఇంటి కంప్యూటర్లు పూర్ణాంకాల లెక్క చురుగ్గా చేసేవి. దశాంశాలు వస్తే మాత్రం చతికిలబడేవి. దశాంశాలకు వేరే చిప్ కొనుక్కోవాలి, అది ఖరీదు. 1988లో బెర్ట్ టైలర్ అనే ప్రోగ్రామర్ దానికి ఉపాయం పట్టాడు. మనం రూపాయల్లో 2.75 అని రాసే బదులు పైసల్లో 275 అని రాసుకుంటే దశాంశ బిందువుతో పని లేదు కదా. అలాగే ప్రతి సంఖ్యనూ ఒక పెద్ద గుణకంతో హెచ్చించి పూర్ణాంకంగా మార్చి, లెక్కంతా అందులోనే నడిపించాడు. 386 చిప్ మీద బొమ్మ పరుగెత్తింది. ఆ ప్రోగ్రామే తర్వాత ‘ఫ్రాక్టింట్’ అయింది. ఆ పేరులోని ‘ఇంట్’ పూర్ణాంకానికి గుర్తు.

టైలర్ ప్రోగ్రామును మూల లిఖితంతో సహా ఉచితంగా పంచిపెట్టాడు. టిమ్ వెగ్నర్, మార్క్ పీటర్సన్, పీటర్ బ్రాండర్‌హార్స్ట్ లాంటివాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేతులు కలిపారు. ఒకరు కొత్త సూత్రం, ఒకరు కొత్త తెరకు సర్దుబాటు, ఒకరు వేగం. పాశ్చాత్యుల కథ ఒకటుంది. ఒక బాటసారి వట్టి రాయితో చారు కాస్తానని నీళ్లు పొయ్యి మీద పెడితే, ఊళ్లోవాళ్లు వింత చూడటానికి వచ్చి తలా ఒక కూరగాయ వేస్తారు. చివరికి నిజంగానే మంచి చారు తయారవుతుంది. ఆ కథ మీదే తమ బృందానికి ‘స్టోన్ సూప్ గ్రూప్’ అని పేరు పెట్టుకున్నారు.

నేను ఫ్రాక్టింట్‌ను చూసింది 1993లో, గుంటూరు బ్రాడీపేటలో కంప్యూటరు నేర్చుకునేటప్పుడు. ఎవరో ఫ్లాపీలో తెచ్చారు. క్లాసులు అయిపోయాక ఒక గంట యంత్రం మాకు వదిలేవారు. తెర మీద 320 అడ్డం, 200 నిలువు. అంటే 64,000 చుక్కలు. ఒక్కోదానికి 150 అడుగుల హద్దు పెట్టినా, అన్నీ చివరిదాకా నడిస్తే 96 లక్షల అడుగులు. కీబోర్డు మీద పేజ్ అప్ నొక్కితే తెర మీద చిన్న చట్రం వస్తుంది. దాన్ని నచ్చినచోటికి జరిపి ఎంటర్ కొడితే ఆ చట్రంలోని ముక్క తెరంతా పరుచుకుంటుంది. తలకీ ఒంటికీ మధ్య ఉన్న లోయలోకి వెళ్లాం. సముద్రపు గుర్రాల్లాంటి సుడులు వరసగా ఉంటాయి కాబట్టి దాన్ని సీహార్స్ వ్యాలీ అంటారు. ఒక గుర్రం తోకలోకి, ఆ తోకలోని ముడిలోకి, ఇంకా లోపలికి. ఆ లోతులో బొమ్మ పై నుంచి కిందికి వరస వరసగా దిగేది. మేం ఆ వరసలకేసి గుడ్లప్పగించి కూర్చునేవాళ్లం. మూడొంతులు దిగాక మధ్యలో నల్లటి చుక్క ఒకటి రూపు కడుతోంది. ఒళ్లు కనబడింది, తల కనబడబోతోంది. కరెంటు పోయింది. చట్రం ఎక్కడ పెట్టామో అంకెలు రాసుకోలేదు. తర్వాత ఎన్నిసార్లు వెతికినా ఆ చోటు మళ్లీ దొరకలేదు. ఆనాటి నుంచి చోటు అంకెలు ముందు రాసుకోనిదే ఎంటర్ కొట్టను.

ఈ సంగతి ఎందుకు చెబుతున్నానంటే, బొమ్మ యంత్రం గీస్తుంది కదా, ఇందులో కళాకారుడు చేసేదేమిటని అడిగేవాళ్లు ఉన్నారు. చేసేది వెతకడం. ఆ చోటు ఎవరూ చేయకముందే అక్కడ ఉంది, నిజమే. అరకు లోయ కూడా ఫొటో తీసేవాడు వెళ్లక ముందే అక్కడ ఉంది. ఎక్కడ నిలబడాలి, ఎంత భాగం చట్రంలోకి తీసుకోవాలి, సుడిని మధ్యలో పెట్టాలా మూలకు తొయ్యాలా, ఇవన్నీ మనిషి తేల్చుకోవలసినవి. ఆ తర్వాత రంగు. లెక్క ఇచ్చేది 30, 97, 312 అనే అంకెలే. 30కి నీలం వేయాలా కుంకుమ రంగు వేయాలా అని ఏ సమీకరణమూ చెప్పదు. అదే చోటు ఒక రంగుల వరసలో మంచు పట్టిన కిటికీలా ఉంటుంది, ఇంకొక వరసలో కొలిమిలా మండుతుంది. ఫ్రాక్టింట్‌లో ఒక మీట నొక్కితే రంగులు గీతల వెంట పాకుతూ తిరిగేవి. కదలని బొమ్మ ఊపిరి తీస్తున్నట్టు ఉండేది. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి ఎప్పుడూ మొదట ఆ మీట నొక్కి, రంగులు తనకు నచ్చినచోట ఆపేది. ఆమె ఆపిన బొమ్మ చూడగానే ఆమెదని తెలిసిపోయేది.

అడుగులు పూర్ణాంకాలు కాబట్టి తొలినాటి బొమ్మల్లో రంగులు మెట్లు మెట్లుగా, నేల మట్టాలు చూపే పటంలా ఉండేవి. గడప దాటేటప్పుడు చుక్క ఎంత దూరం దూకిందో చూసి, లాగరిథం సాయంతో 30కీ 31కీ మధ్య విలువలు కట్టడం నేర్చాక మెట్లు పోయి పట్టులా జారే రంగులు వచ్చాయి. నెదర్లాండ్స్‌కు చెందిన ఫ్రెడెరిక్ స్లైకర్‌మన్ తయారుచేసిన అల్ట్రా ఫ్రాక్టల్ ప్రోగ్రాముతో ఒక బొమ్మ మీద ఇంకొకటి పొరలు పొరలుగా పరిచే వీలు వచ్చింది. అప్పటి నుంచి ఒక్క బొమ్మ మీద వారాల తరబడి కూర్చునేవాళ్లు తయారయ్యారు. పొరల పనిలో అతి కూడా చేరిందని నా అభిప్రాయం. మెరుపులు, నీడలు దట్టించి అసలు గీతను కప్పేసిన బొమ్మలు చాలా చూశాను. ఒకే సూత్రం, ఒకే రంగుల వరస, సరైన చోటు, ఇవి మూడూ కుదిరిన బొమ్మ ముందు అవి నిలవవు.

ఇంకో పాయ కూడా ఉంది. స్కాట్ డ్రేవ్స్ 1992లో ‘ఫ్లేమ్’ అనే పద్ధతి తెచ్చాడు. అందులో గడప దాటడం లేదు. ఒక చుక్కను కొన్ని సూత్రాల మధ్య పాచికలు వేసి గెంతిస్తారు. అది ఎక్కడెక్కడ ఎన్నిసార్లు వాలిందో లెక్కపెట్టి, ఆ లెక్కకు లాగరిథం తీసి వెలుగుగా మారుస్తారు. పొగలా, పట్టుతెరలా ఉంటుంది బొమ్మ. 1999లో అతనే మొదలుపెట్టిన ‘ఎలక్ట్రిక్ షీప్’లో వేల కంప్యూటర్లు ఖాళీగా ఉన్నప్పుడు కలిసి ఈ బొమ్మలను తయారుచేస్తాయి. చూసేవాళ్లు ఓట్లు వేస్తే నచ్చినవి నిలిచి కొత్తవాటికి తల్లిదండ్రులవుతాయి. 2009లో డేనియల్ వైట్, పాల్ నైలాండర్ మాండెల్‌బ్రాట్ సెట్‌కు త్రిమితీయ బంధువు ‘మాండెల్‌బల్బ్’ను చూపించారు. ఆ మరుసటి ఏడాది అక్టోబరు 14న మాండెల్‌బ్రాట్ కన్నుమూశాడు.

లోతుకు దిగేవాళ్ల కష్టం వేరు. మామూలు కంప్యూటరు ఒక సంఖ్యలో 15, 16 అంకెల దాకా నమ్మకంగా మోస్తుంది. అంతకంటే లోతుకు వెళితే పక్కపక్క చుక్కల మధ్య తేడా దానికి తెలియక బొమ్మ ఇటుకలు పేర్చినట్టు అయిపోతుంది. వందల అంకెలతో ప్రతి చుక్కనూ లెక్క కడితే రోజులు పడుతుంది. 2013లో కె. ఐ. మార్టిన్ ఒక దారి చూపాడు. ఒకే ఒక్క చుక్కను వందల అంకెలతో జాగ్రత్తగా కట్టు, మిగతావన్నీ దానికి ఎంత ఎడంగా ఉన్నాయో ఆ చిన్న తేడాను మాత్రమే కట్టు. సర్వేవాళ్లు ఒక రాయి ఖచ్చితంగా పాతుకుని పొలాలన్నీ దాని నుంచి కొలుచుకున్నట్టు. దాంతో రోజుల పని నిమిషాల్లోకి వచ్చింది.

*

క్రాంట్జ్ ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. ఈ బొమ్మలు ఏం రుజువు చేశాయి?

1991లో అమెరికాలోని కొలరాడో స్టేట్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ బోల్ అనే విద్యార్థికి బొమ్మ చూస్తూ ఒక సందేహం వచ్చింది. నల్లటి తలకీ ఒంటికీ మధ్య మెడ ఉంది కదా, సరిగ్గా −0.75 దగ్గర. అక్కడ రెండూ ఒకే ఒక్క బిందువు దగ్గర తాకుతున్నాయా, లేక కాస్తంత మందం ఉందా? చూద్దామని మెడకు నిట్టనిలువుగా పైన ఒక చుక్క పెట్టాడు. ఎన్నో అడుగులో గడప దాటుతుందో లెక్కబెట్టాడు. తర్వాత చుక్కను మెడకు పదో వంతు దూరానికి జరిపాడు. తర్వాత నూరో వంతుకు. ప్రతిసారీ చుక్క గడప దాటింది, అంటే ఆ ఎత్తుల్లో ఎక్కడా నలుపు లేదు. అతను ఎదురుచూసింది అంతే. కానీ అడుగుల లెక్కలు వరసగా రాసుకుని చూస్తే వాటిలో ఇంకేదో ఉంది. దూరం 1 అయినప్పుడు 3 అడుగులు. 0.1 అయినప్పుడు 33. 0.01కి 315. 0.001కి 3143. 0.0001కి 31417.

π (పై) విలువ. వృత్తం చుట్టుకొలతలో ఉండే 3.14159. వర్గం చేసి కలపడం తప్ప ఇంకేమీ లేని సూత్రంలో, ఒక మెడ పక్కన, అడుగులు లెక్కబెడుతుంటే అంకె అంకెగా బయటికొచ్చింది. ఎందుకలా వస్తుందో రుజువు చేయడానికి మరో పదేళ్లు పట్టింది. 2001లో ఏరన్ క్లెబనాఫ్ ఆ రుజువు అచ్చువేశాడు. బోల్ అంతటితో ఆగకుండా 0.25 నొక్కు దగ్గర కూడా అదే పరీక్ష చేశాడు. పైన మనం చూసిన 30, 97, 312 అక్కడివే. ఆ 312 పక్కన దూరాన్ని రాసుకుని, దాని వర్గమూలంతో హెచ్చించి చూడండి.

(వచ్చే భాగంలో: నాలుగు సూత్రాలతో మొలిచిన ఫెర్న్ ఆకు)